క్రోమ్‌కి జంగు పట్టదు

క్రోమ్‌కి జంగు పట్టదు. సైకిల్ హ్యాండిల్ మీదా రిమ్ము మీదా ఎర్రగా పొక్కులు లేచినట్టు కనిపించే జంగంతా కింద ఉన్న ఇనుముది. పైపూతలో కంటికి ఆనని సన్నటి రంధ్రాలుంటాయి. తడి వాటిలోంచి దిగి ఇనుమును తింటుంది, తిన్నదాన్ని ఎర్రటి పొడి చేసి మళ్లీ అదే రంధ్రంలోంచి పైకి నెడుతుంది. ఆ ఎర్రచుక్కల నడుమ తెల్లటి మెరుపు చెక్కుచెదరకుండా ఉండనే ఉంటుంది. ఈ ఒక్క ముక్క ముందే తెలిసి ఉంటే మా బాపు సైకిల్ నా చేతిలో పాడయ్యేది కాదు. తెలియలేదంటే ఎవరైనా క్షమిస్తారు. కానీ తెలిసినవాళ్లు బోధన్‌లో ఉన్నారు, మా ఇంట్లోనే ఉన్నారు. ఎవర్నీ అడగకుండా నేను పని మొదలుపెట్టాను. నా మూర్ఖత్వమంతా అక్కడే ఉంది. ఎంతోకాలం ఎవరికీ చెప్పుకోలేక లోపలే పెట్టుకున్నాను, ఇప్పుడు రాస్తున్నాను.

మాది మోస్రా. ఇప్పుడు మండలం, 2019 దాకా వర్ని మండలంలో ఒక ఊరు. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1931లో పూర్తయ్యాక ఈ పక్కన కాలువ నీళ్ల కింద వరీ చెరుకూ పెరిగాయి. ఆ చెరుకును నమ్ముకునే 1937లో బోధన్ పక్కన, శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. మా బాపుది అందులో సీజన్ నౌకరి. చలికాలంలో క్రషింగ్ మొదలైందంటే రాత్రి షిఫ్టు, పొద్దు షిఫ్టు అని లేదు, పిలిచిన వేళకు గేటు దగ్గర ఉండాలి. బస్సును నమ్ముకుంటే కుదరదు. అందుకే 1970ల మొదట్లో అప్పు చేసి ర్యాలీ సైకిల్ కొన్నాడు. పేరు ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ కంపెనీదే అయినా మన ఊళ్లలో తిరిగిన ర్యాలీలు బెంగాల్‌లో, అసన్‌సోల్ దగ్గరి సేన్-ర్యాలీ ఫ్యాక్టరీలో తయారైనవి. హ్యాండిల్ కింది గొట్టం మీద కొంగ తల బిళ్ల, ఇరవై ఎనిమిది అంగుళాల చక్రాలు, తీగలకు బదులు ఇనుప కడ్డీలతో పనిచేసే బ్రేకులు. ఆ సైకిల్ మీదే మేం బడికి పోయాం, అమ్మ పుట్టింటికి పోయింది, వడ్ల బస్తాలు గిర్నీకి పోయాయి.

2002లో ఫ్యాక్టరీలో సగానికి పైగా వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి తాళం వేశారు. బాపు అంతకుముందే నౌకరి మానేసినా, గేటు మూసిన కబురు విన్ననాడు అన్నం ముట్టలేదు. తర్వాత సైకిల్‌ను కొట్టంలో మూలకు ఆనించాడు. పశువుల తడి, కాలువ చెమ్మ, వానాకాలాలు. బాపు పోయాక చూస్తే చక్రాలు ఎర్రబడి ఉన్నాయి.

సంవత్సరీకానికి చుట్టాలంతా వస్తారు. అప్పటికి సైకిల్‌ను కొత్తదానిలా మెరిపించి బాపు ఫొటో పక్కన నిలబెట్టాలని నాకో కోరిక పుట్టింది. కోరిక మంచిదేనని ఇప్పటికీ అనుకుంటాను. చెడిందల్లా తొందర వల్ల. ఎంత మిగిలిందో చూసుకోవాలన్న ఆలోచనే రాలేదు. ఎంత మెరుస్తుందనే చూశాను.

మొదట హ్యాండిల్. వర్నిలో ఎమరీ కాయితం కొన్నాను, 120 నంబరుది. గట్టిగా రుద్దితే ఎరుపు ఇట్టే పోయింది. చేతికింద ఇనుము తేటగా వస్తుంటే సంతోషంతో ఇంకా రుద్దాను. ఆ హ్యాండిల్‌కు కుడివైపు, బెల్లుకూ పిడికీ మధ్య, వేలి వెడల్పున ఒక పట్టీ ఉండేది. అక్కడ మాత్రం జంగు లేదు. కొంచెం పసుపు కలిసిన తెలుపుగా, నున్నగా, రవ్వంత లోతుగా ఉండేది. బాపు టిఫిన్ డబ్బా తీగ పిడి అక్కడ వేలాడేది. ఏళ్ల తరబడి అటూ ఇటూ ఊగి, పై క్రోమ్‌ను అరగదీసి, కింది నికెల్ దాకా దిగి చేసిన గుర్తు అది. రోజూ చెయ్యి తగిలి, చెమటా నూనే అంటి, దాన్ని తడి తినలేదు. నేను దాన్ని కూడా మరక అనుకున్నాను. రుద్దేశాను. ఇప్పుడా హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకే రకం గీతలతో ఉంది, టిఫిన్ ఎక్కడ వేలాడేదో మా అమ్మ కూడా చూపించలేదు. ఈ సైకిల్ విషయంలో నేను చేసిన పనులన్నిట్లో నన్ను ఇంకా నిద్రపోనివ్వనిది ఇదే.

చక్రాల దగ్గర ఎమరీ సాగలేదు. పుల్లల మధ్యకు వేళ్లు దూరవు. బాత్‌రూమ్‌లు కడిగే ఆసిడ్ జంగును నిమిషాల్లో తినేస్తుందని ఎక్కడో విన్నమాట గుర్తొచ్చింది. అది హైడ్రోక్లోరిక్ ఆసిడ్. ఇనుము మీది జంగును నిజంగానే తింటుంది, అబద్ధం కాదు. మిగతా ఏం తింటుందన్నది నేను విననూ లేదు, అడగనూ లేదు. వెనక చక్రం విప్పి, టైరూ ట్యూబూ తీసి, వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టిలో ఆసిడ్ పోశాను. చక్రాన్ని అందులో నిలబెట్టి కొద్దికొద్దిగా తిప్పుతూ కూర్చున్నాను. వాన పడుతోందని, బయట కాకుండా సామాన్లగదిలో.

ఆసిడ్ తగలగానే రిమ్ము చుట్టూ సన్నటి బుడగలు లేచాయి. నీళ్లు ముందు పసుపుపచ్చగా మారాయి, అది జంగు కరిగిన రంగు. కాసేపటికి ఆకుపచ్చ తిరిగాయి. మురికి ఊడొస్తోంది అనుకుని ఇంకో సీసా పోశాను. ఆ ఆకుపచ్చ, క్రోమ్ కరుగుతున్న రంగు. పూతపని చేసేవాళ్లు పాత క్రోమ్‌ను ఊడదీయాలంటే వాడేది ఈ ఆసిడే. అంటే బాపు కొన్ననాటి నుంచి మిగిలి ఉన్న పూతను నా చేతులతో నేనే ఊడదీస్తున్నాను, చూసి మురిసిపోతున్నాను. చక్రం పైకి తీస్తే తెల్లగా వచ్చింది. క్రోమ్ తెలుపులో కొంచెం నీలం ఉంటుంది, దీనిలో కొంచెం పసుపు ఉంది. టిఫిన్ పట్టీకి ఉన్న పసుపే. అప్పుడైనా తట్టలేదు.

పొద్దున లేచి చూస్తే రిమ్ము మీద నూగులా ఎర్రటి జంగు. నికెల్ కూడా లేనిచోట ఇనుము బయటపడి రాత్రికి రాత్రే పట్టేసింది. అంతటితో ఆగలేదు. గదిలో గూటిలో ఉన్న కొడవళ్లు, సుత్తె, గడ్డపార, అన్నిటి మీదా అదే నూగు. తొట్టి మీద మూత లేదు, ఆసిడ్ ఆవిరి గదంతా పట్టింది. ఆ మూలనే అమ్మ కుట్టుమిషను. మిషను చేతిచక్రం అంచు మెరిసే ఉంగరంలా ఉండేది, అదంతా ఎర్రబడింది. సూది పట్టే కడ్డీ బిగుసుకుపోయింది. అమ్మ దాన్ని చీర కొంగుతో తుడుస్తూ, “సైకిల్ మీ బాపుది, ఏమన్న చేస్కో. ఈ మిషను నాదిరా” అంది. ఆమె గొంతు లేపలేదు. కాసేపాగి, “మీ బాపు ఉంటే మొలాసిస్‌ల ఏసి మర్చిపోయేటోడు” అంది.

మొలాసిస్. చక్కెర తీయగా మిగిలే నల్లటి చిక్కటి మడ్డి. ఆ వాసన బాపు చొక్కాల్లో ఉండేది, సీజన్ అంతా మా ఇంట్లో ఉండేది. జంగు పట్టి బిగిసిన నట్లూ బోల్టులూ మొలాసిస్ కలిపిన నీళ్లలో వేసి ఉంచితే జంగు దానంతటదే వదులుతుందని బాపు చెప్పగా చిన్నప్పుడు విన్నాను. చెరుకులో సహజంగా ఉండే ఆర్గానిక్ ఆసిడ్లు, అకొనిటిక్ లాంటివి, జంగులోని ఇనుమును పట్టి మెల్లగా నీళ్లలోకి లాగుతాయి. మంచి ఇనుము జోలికి దాదాపు పోవు. ఒక వంతు మొలాసిస్‌కు తొమ్మిది వంతుల నీళ్లు, వారమో రెండు వారాలో ఓపిక. వాసన వస్తుంది, నురుగు కడుతుంది, అంతే. ప్రపంచంలో పాత బండ్లు బాగుచేసేవాళ్లెందరో ఈ పద్ధతినే పాటిస్తున్నారు. చెరుకు ప్రాంతంలో పుట్టి, చక్కెర ఫ్యాక్టరీ కూలీ కొడుకునై ఉండి, నేను ఆసిడ్ సీసాలు కొనుక్కొచ్చాను. మొలాసిస్ మా ఊళ్లలో పశువుల దాణాలో కలుపుతారు.

ఆ రోజే చక్రం మోసుకుని బోధన్ పోయాను. బస్టాండు వైపు పాత సైకిల్ దుకాణం. దుకాణం నడిపే చాచాకు డెబ్బై దాటి ఉంటాయి, షిఫ్టు వదిలే వేళ ఫ్యాక్టరీ సైకిళ్లు వరసకట్టి పంచర్లకు వచ్చిన కాలం ఆయనకు తెలుసు. చక్రాన్ని వెలుతురుకు పెట్టి తిప్పి చూశాడు. గోటితో గీశాడు.

“ఆసిడ్ల ముంచినవా?”

“అవును చాచా.”

“జంగు పైకెల్లి వస్తదా, లోపల్కెల్లి వస్తదా?”

నేను మాట్లాడలేదు.

“గోడకు తడి ఎక్కితే సున్నం పొంగుతది. సున్నం గీకి పారేస్తే తడి పోతదా బేటా? గోడ ఖరాబైతది.”

ఆ మాటతో నాకు మొత్తం అర్థమైంది. తర్వాత పుస్తకాల్లో చదివింది ఆ మాటకు అంకెలు వేసుకోవడమే. సైకిల్‌కు చేసే పూతలో తడిని నిజంగా ఆపేది నికెల్. అది ఇనుము మీద పది, ఇరవై మైక్రాన్ల మందాన ఉంటుంది. క్రోమ్ దాని మీద పావు నుంచి అర మైక్రాను, అంతే. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. 120 నంబరు ఎమరీ మీది గింజ వంద మైక్రాన్ల పైమాటే, అంటే క్రోమ్ పొరకు రెండు వందల రెట్లు. పైగా ఎమరీ అంటే కురువింద రాయి, క్రోమ్ కన్నా గట్టిది. అంత సన్నటి పొర వానకూ ఎండకూ యాభై ఏళ్లు తట్టుకుంది. 1920ల చివర క్రోమ్ వాడకంలోకి రాకముందు సైకిళ్లకు నికెల్ పూతే ఉండేది, రోజూ తుడవకపోతే మబ్బుపట్టేది. నికెల్ మబ్బుపట్టకుండా చూడటానికే పైన క్రోమ్ వేస్తారు. ఆ కాపలాను నేను తీసేశాను.

చాచా ఇంకో మాట అన్నాడు: “ఈ పుల్లలు ఇగ నమ్మకు.” నాకు అప్పుడు నమ్మబుద్ధి కాలేదు, పుల్లలు బాగానే కనిపించాయి. చక్రం బిగించి తొక్కడం మొదలుపెట్టాక ఒక్కొక్కటిగా వంపు దగ్గర పటుక్కున విరిగాయి. గట్టిగా సాగదీసి చేసిన ఉక్కుతీగ ఆసిడ్‌లో ఉంటే హైడ్రోజన్ దాని లోపలికి చొరబడి పెళుసు చేస్తుంది. పైకి ఏమీ తెలియదు. నేను ఊరి రోడ్డు మీద మెల్లగా పోతున్నాను కాబట్టి బతికాను. వెనక మా పిల్లవాణ్ని కూర్చోబెట్టుకుని కాలువ వంతెన దిగుతుంటే ఏమయ్యేదో, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. వెనక చక్రానికి పుల్లలన్నీ కొత్తవి వేయించాను.

రిమ్ము అంచులు లోపల బోలుగా, గొట్టంలా చుట్టి ఉంటాయి ఈ పాత సైకిళ్లకు. ఆసిడ్ ఆ గొట్టంలోకి పోయింది. ఎన్ని నీళ్లు పోసి కడిగినా, వంటసోడా కలిపి పోసినా మొత్తం బయటికి రాలేదు. పుల్లల రంధ్రాల్లోంచి ఎర్రటి నీరు చాలాకాలం కారుతూనే ఉంది. ముందే సోడా వేసి ఉంటే కొంత నయంగా ఉండేదేమో, నాకు ఆ ఆలోచన చాచా చెప్పాకే వచ్చింది.

మళ్లీ క్రోమ్ పూత వేయిద్దామని హైదరాబాద్‌లో ఒక పూతపని దుకాణానికి కూడా పోయాను. గుంటలు పోవాలంటే రిమ్మును అరగదీయాలి, ఆపైన రాగి, నికెల్, క్రోమ్. రేకు అసలే పలచబడింది, అరిగితే పుల్లల దగ్గర చీలుతుందన్నారు. అది చాలు నన్ను ఆపడానికి. కానీ అక్కడ తొట్ల మీద వంగి పనిచేస్తున్న కుర్రవాళ్లను చూశాక ఇంకో కారణం దొరికింది. పూత తొట్టిలో ఉండేది హెక్సావాలెంట్ క్రోమియం. మెరిసే హ్యాండిల్ మీద ఉండే క్రోమ్ మనల్ని ఏమీ చేయదు, తొట్టి నుంచి లేచే తుంపర మాత్రం మనిషికి క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన సంస్థ తేల్చి చెప్పింది. ఈ పనిలో ఏళ్లు గడిపినవాళ్లకు ముక్కు దూలానికి రంధ్రం పడటం పాత రోగమే. నా ఒక్క రిమ్ము మానేస్తే వాళ్ల బతుకు మారదని నాకు తెలుసు. అయినా ఉన్న క్రోమ్‌ను పాడుచేసుకుని, కొత్త క్రోమ్ కోసం ఇంకొకరిని ఆ తొట్టి దగ్గర నిలబెట్టడం నాకు మనస్కరించలేదు. చక్రం తిరిగి తెచ్చుకున్నాను.

ముందు చక్రాన్ని అప్పటికింకా ముట్టుకోలేదు. ఆ ఒక్క అదృష్టం మిగిలింది. చాచా చెప్పినట్టే చేశాను. “సిగరెట్ డబ్బాల పన్నీ తీస్కో, నీళ్లల్ల ముంచి రుద్దు” అన్నాడు. నేను వంటింట్లో రొట్టెలు చుట్టే అల్యూమినియం ఫాయిల్ తీసుకున్నాను. చేతివేలంత ముక్క చింపి, నలిపి, మామూలు నీళ్లలో తడిపి, బలం పెట్టకుండా రుద్దాలి. అల్యూమినియం క్రోమ్ కన్నా చాలా మెత్తన, గీత పెట్టలేదు. పైకి పొంగిన జంగును మాత్రం ఊడదీస్తుంది. కాసేపట్లో వేలికింద బూడిదరంగు ముద్ద తయారవుతుంది, దాన్ని పాత బట్టతో తుడిస్తే కింద మెరుపు కనబడుతుంది. మొదటిసారి కనబడినప్పుడు నేను పని ఆపేసి దాన్నే చూస్తూ కూర్చున్నాను. నీలం కలిసిన తెలుపు. అందులో మా ఇంటి చూరు, నా మొహం, వంగిన వేపకొమ్మ.

చుక్కలు పూర్తిగా పోవు. జంగు ఉన్నచోట ఎరుపు పోయి నల్లటి పొడలు మిగులుతాయి, అక్కడ క్రోమ్ ఎప్పుడో పోయింది కాబట్టి ఏం చేసినా రాదు. ఆ పొడలను ఉండనివ్వడం నేర్చుకోవడానికి నాకు కష్టమైంది. ఒకచోట ఇంకొంచెం రుద్దబోతే అమ్మే చెయ్యి పట్టుకుంది. తర్వాత రిమ్మును ఎండలో బాగా ఆరబెట్టి, కుట్టుమిషన్ నూనె గుడ్డకు అద్ది పల్చగా పట్టించాను. ఒక జాగ్రత్త ముఖ్యం: కడ్డీ బ్రేకుల సైకిల్‌కు రబ్బరు ముక్కలు రిమ్ము లోపలి ముఖాన్ని, పుల్లల వైపున, పట్టుకుంటాయి. అక్కడ నూనె తగిలితే బ్రేకు పడదు. ఆ పట్టీని నూనె లేకుండా వదలాలి, వారానికోసారి పొడిగుడ్డతో తుడుచుకోవాలి.

స్టాండు, క్యారియర్, నట్లు, క్రాంకు చీలలు, ఇవన్నీ మొలాసిస్‌లో వేశాను. దాణా దుకాణంలో డబ్బాడు తెచ్చి, కొట్టంలోనే పాత డ్రమ్ములో కలిపాను. మూత వేసి. ఇనుప సామానుకే అది మంచిది, పూత పొరలు లేచినవాటిని అందులో ఎక్కువకాలం ఉంచకూడదు, అల్యూమినియం వస్తువులు అసలే వేయకూడదు. తీసి కడిగితే ఇనుము బూడిదరంగులో తేటగా వచ్చింది. డ్రమ్ము మూత తీసిన ప్రతిసారీ ఆ వాసన. అమ్మ ఒకరోజు పని కల్పించుకుని కొట్టంలోకి వచ్చి నిలబడింది, ఏమీ అనలేదు. ఆమె కుట్టుమిషనును నేనే విప్పి, ఫాయిల్‌తో రుద్ది, కడ్డీ వదులు చేసిచ్చాను. నడుస్తోంది. చేతిచక్రం ఉంగరం మాత్రం మునుపటిలా లేదు.

సంవత్సరీకం నాటికి సైకిల్ సిద్ధం కాలేదు. బాపు ఫొటో పక్కన దాన్ని నిలబెట్టలేదు. వచ్చిన చుట్టాల్లో ఒక్కరూ దాని గురించి అడగలేదు.

ఈ పక్కన శక్కర్‌నగర్ నౌకరీ చేసినవాళ్ల ఇళ్లలో ఇలాంటి సైకిళ్లు ఇంకా ఉన్నాయి. కొట్టాల్లో, మెట్లకింద, కొన్ని పాతసామాన్ల బండికి కిలోల లెక్కన పోతున్నాయి. మీ ఇంట్లో ఒకటుంటే, బాగుచేయాలని ఎప్పుడైనా మనసు పుడితే, ముందు ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఏ గుర్తు ఎట్లా పడిందో అడిగి తెలుసుకోండి. తర్వాత ఫాయిల్ ముక్క, నీళ్లు, నూనెగుడ్డ. ఎమరీ వద్దు. ఆసిడ్ అసలే వద్దు. నా మాట మీద నమ్మకం కుదరకపోతే మోస్రా రండి. ముందు చక్రం ఒకలా ఉంది, వెనక చక్రం ఒకలా ఉంది. రెండూ పక్కపక్కన చూసుకుని పోయి పని మొదలుపెట్టండి.